పైకప్పు మీదికి తెరుచుకునే తలుపు

రోదసిలోకి మనిషి చేసిన ప్రయాణాల చరిత్రను భద్రపరిచే మ్యూజియాలు నేడు అనేక దేశాల్లో ఉన్నాయి. వాటిలో చాలాచోట్ల సందర్శకుడికి మొదట ఎదురయ్యేవి నిలువెత్తు రాకెట్లు, మంటల్లో మాడి తిరిగివచ్చిన వ్యోమనౌకలు, వ్యోమగాములు తొడుక్కున్న దుస్తులు. ఆ యంత్రాలు ఏ ఆలోచన నుంచి పుట్టాయో, ఆ ఆలోచన ఏ మనిషికి ఏ గదిలో కూర్చుని ఉండగా కలిగిందో చెప్పే వస్తువులు మాత్రం అరుదుగా కనిపిస్తాయి. మాస్కోకు నైరుతి దిక్కున సుమారు 150 కిలోమీటర్ల దూరంలో, ఓకా నది ఒడ్డున ఉన్న కలూగా పట్టణంలోని వ్యోమయాన చరిత్ర మ్యూజియం ఆ లోటు తీర్చే చోటు. తొలి వ్యోమగామి గగారిన్‌ను మోసుకుపోయిన రాకెట్టుకు జోడుగా తయారైన రాకెట్టూ ఈ పట్టణంలోనే ఉంది, అటువంటిది ఎగరగలదని అర్ధ శతాబ్దానికి ముందే కాగితం మీద లెక్కగట్టి చూపిన బడిపంతులు ఇల్లూ ఈ పట్టణంలోనే ఉంది.

ఆ బడిపంతులు పేరు కాన్‌స్తంతీన్ త్సియోల్కోవ్‌స్కీ. మ్యూజియం కూడా ఆయన పేరుమీదనే నడుస్తోంది. దీని నిర్మాణానికి పూనుకున్నవాడు సోవియట్ రాకెట్ల ప్రధాన రూపశిల్పి సెర్గేయ్ కొరొల్యోవ్. 1957 సెప్టెంబరులో త్సియోల్కోవ్‌స్కీ శతజయంతి సందర్భంగా ఆయన కలూగాకు వచ్చాడు. ఆ తరువాత మూడు వారాలు తిరగకముందే, అక్టోబరు 4న, ఆయన బృందం నిర్మించిన తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ భూమి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. అంతరిక్షం నుంచి తిరిగివచ్చి రెండు నెలలైనా కొత్త వాసన పోని యూరీ గగారిన్ 1961 జూన్ 13న ఈ మ్యూజియానికి శంకుస్థాపన చేశాడు. భవనం తలుపులు ప్రజలకు తెరుచుకున్నది 1967 అక్టోబరు 3న. వాషింగ్టన్‌లో నేషనల్ ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియం ప్రస్తుత భవనం 1976లోనూ, మాస్కోలో వ్యోమయాన స్మారక మ్యూజియం 1981లోనూ ప్రారంభమయ్యాయి గనుక, కేవలం వ్యోమయాన చరిత్ర కోసమే కట్టిన పెద్ద మ్యూజియాలలో కలూగాదే మొదటిదని రష్యన్లు చెప్పుకోవడంలో అతిశయం లేదు. కొరొల్యోవ్ మాత్రం ప్రారంభోత్సవం చూడలేదు. 1966 జనవరిలోనే ఆయన మరణించాడు.

రాజధానిని కాదని ఒక చిన్న పట్టణాన్ని ఇందుకు ఎందుకు ఎంచుకున్నారన్నది అర్థం కావాలంటే త్సియోల్కోవ్‌స్కీ జీవితాన్ని కొంత వివరంగా తెలుసుకోవాలి. ఆయన 1857 సెప్టెంబరు 17న ర్యాజాన్ ప్రాంతంలోని ఇజెవ్‌స్కొయె గ్రామంలో పుట్టాడు. పదేళ్ల ప్రాయంలో స్కార్లెట్ జ్వరం సోకి వినికిడి చాలావరకు పోయింది. ఒంటినిండా ఎర్రని దద్దుర్లతో వచ్చే ఆ జ్వరానికి ఆ రోజుల్లో సరైన మందు లేదు. చెవులు పనిచేయని పిల్లవాడికి బడిచదువు సాగలేదు. పదమూడో ఏట తల్లి కూడా పోయింది. పదహారేళ్ల వయసులో తండ్రి అతణ్ణి మాస్కోకు పంపితే, అక్కడ ఏ కళాశాలలోనూ చేరకుండా మూడేళ్లపాటు ఒక ఉచిత గ్రంథాలయంలో కూర్చుని గణితం, భౌతికశాస్త్రం, ఖగోళశాస్త్రం తనంతట తానే నేర్చుకున్నాడు. ఇంటి నుంచి వచ్చే కొద్ది డబ్బులో ఎక్కువభాగం పుస్తకాలకూ రసాయనాలకూ పోయేది, మిగిలినదానితో కొన్న నల్లరొట్టెతో రోజులు గడిచేవి. 1879లో ఉపాధ్యాయ పరీక్ష నెగ్గి, బోరొవ్‌స్క్ అనే చిన్న ఊళ్లో పన్నెండేళ్లు లెక్కలు చెప్పి, 1892లో కలూగాకు బదిలీ అయి, 1935 సెప్టెంబరు 19న కన్నుమూసేవరకు ఆ పట్టణంలోనే జీవించాడు.

ఆయనకు విశ్వవిద్యాలయం లేదు, ప్రయోగశాల లేదు, సహాయకులు లేరు. ఇంట్లోనే చెక్కతో, రేకుతో గాలి సొరంగం తయారుచేసుకున్నాడు. గాలి సొరంగం అంటే ఒక గొట్టంలోంచి బలంగా గాలిని వదిలి, దానికి ఎదురుగా రకరకాల ఆకారాలను నిలబెట్టి, ఏ ఆకారం గాలిని ఎంతగా అడ్డుకుంటుందో కొలిచే సాధనం. 1897లో ఆయన చేసుకున్నది రష్యాలోని తొలి గాలి సొరంగాల్లో ఒకటి. ఆ ప్రయోగాల కోసం విజ్ఞాన అకాడమీ ఆయనకు 470 రూబుళ్లు మంజూరు చేసింది. నాటి ఆయన శ్రద్ధ అంతా ప్రధానంగా లోహంతో చేసిన పెద్ద విమాననౌక మీద, అంటే గాలికంటే తేలికైన వాయువు నింపితే తేలే బెలూను వంటి వాహనం మీద ఉండేది. ముడతలు పెట్టిన రేకుతో ఆయన చేసిన ఆ విమాననౌక నమూనాలు నేటికీ ఉన్నాయి. చాలాకాలం ఆయన తన పేరు నిలిపేది ఆ విమాననౌకే అనుకున్నాడు. చరిత్ర ఆయనను గుర్తుపెట్టుకున్నది మరొక పనికి.

ఆ పని ఒక సమీకరణం. 1897 మే 10 తేదీ వేసిన ఆయన రాతప్రతిలో అది కనిపిస్తుంది. 1903లో ‘నౌచ్నొయె ఒబొజ్రెనియె’ అనే విజ్ఞాన పత్రికలో, రాకెట్ సాధనాలతో విశ్వాంతరాళాన్ని శోధించడం గురించి ఆయన రాసిన వ్యాసంలో అచ్చయింది. ఈ మ్యూజియంలోని ప్రతి యంత్రం వెనుకా ఆ సమీకరణమే ఉన్నది గనుక, దాని సారాన్ని మామూలు మాటల్లో తెలుసుకోకుండా మ్యూజియం గదుల్లోకి అడుగుపెట్టడం వల్ల ఎక్కువ ప్రయోజనం ఉండదు.

దీపావళి తారాజువ్వ పైకి లేచేది కింది గాలిని నెట్టడం వల్ల అని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. జువ్వ లోపలి మందు మండి పుట్టిన వాయువులు కిందికి చిమ్ముకుపోతున్నప్పుడు, వాటిని నెట్టిన జువ్వ ఎదురు దిక్కుకు కదులుతుంది. నిలిచిన పడవలో నుంచి ఒక బరువైన మూటను ఒడ్డుమీదికి విసిరితే పడవ నీళ్లలోకి జరిగినట్టే ఇది జరుగుతుంది. నెట్టడానికి చుట్టూ గాలి ఉండనక్కర లేదు గనుక, గాలి లేని అంతరిక్షంలో పనిచేయగల వాహనం రాకెట్ ఒక్కటే. తారాజువ్వ తెలిసినవారు వందల ఏళ్లుగా ఉన్నారు. అది భూమిని విడిచిపోవడానికి ఎంత మందు కావాలో లెక్క తేల్చినవాడు త్సియోల్కోవ్‌స్కీ.

ఆయన లెక్క ప్రకారం రాకెట్ చివరికి అందుకోగల వేగం రెండు విషయాల మీద ఆధారపడుతుంది. మొదటిది, మండిన వాయువులు వెనక్కి చిమ్మే వేగం. రెండవది, బయలుదేరేటప్పటి రాకెట్ బరువుకూ, ఇంధనమంతా అయిపోయాక మిగిలే బరువుకూ ఉన్న నిష్పత్తి. ఈ రెండవది ఎంత కఠినమైనదో ఒక ఉదాహరణతో తెలుస్తుంది. వాయువులు సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో చిమ్ముతున్నాయనుకుంటే, రాకెట్ కూడా సెకనుకు 3 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి బయలుదేరేటప్పటి బరువు చివరి బరువుకు 2.7 రెట్లు ఉండాలి. వేగం 6 కిలోమీటర్లు కావాలంటే 2.7ను మళ్లీ 2.7తో గుణించి 7.4 రెట్లు ఉండాలి. 9 కిలోమీటర్లు కావాలంటే మరోసారి గుణించి సుమారు 20 రెట్లు ఉండాలి. భూమి చుట్టూ కక్ష్యలో, అంటే పడిపోకుండా తిరుగుతూ ఉండే దారిలో నిలవడానికి సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగం కావాలి; గాలి అడ్డునూ భూమి లాగుడునూ ఎదుర్కోవడానికి మరికొంత కావాలి. కాబట్టి 20 టన్నుల రాకెట్‌లో 19 టన్నులు ఇంధనానికే పోతే, మిగిలిన ఒక్క టన్నులోనే ఇంధనం పోసే ట్యాంకులు, ఇంజన్లు, యంత్రపరికరాలు, ప్రయాణికుడు అన్నీ ఇమడాలి.

దూరప్రయాణానికి కట్టుకున్న సద్దిమూట కథ ఇదే. ఎంత దూరం పోవాలంటే అంత సద్ది కావాలి. ఆ బరువైన సద్దిని మోసినందుకే మరింత ఆకలి వేస్తుంది. ఆ ఆకలికి ఇంకా సద్ది కట్టుకోవాలి. అంతరిక్షయానం అంతా ఈ సద్దిమూట బరువుతో మనిషి పడిన పెనుగులాటే. దీనికి త్సియోల్కోవ్‌స్కీ రెండు దారులు చూపాడు. మామూలు మందుగుండుకంటే ఎంతో వేగంగా వాయువులను చిమ్మగల ద్రవ ఇంధనాలు, ముఖ్యంగా ద్రవరూపంలో ఉన్న హైడ్రోజన్, ఆక్సిజన్ వాడాలన్నది 1903 వ్యాసంలోనే ఉంది. ఖాళీ అయిన గిన్నెను మోసుకుపోవడం దండగ గనుక రాకెట్‌ను అంచెలంచెలుగా కట్టి, పని అయిపోయిన అంచెను దారిలోనే విడిచేయాలన్నది 1929లో ‘రాకెట్ రైళ్ల’ గురించి ఆయన ప్రచురించిన పుస్తకంలో ఉంది. నేడు ఉపగ్రహాలను కక్ష్యలోకి చేర్చే రాకెట్లన్నీ అంచెలను విడుస్తూనే వెళతాయి.

1903 వ్యాసానికి ఆనాడు దక్కిన ఆదరణ దాదాపు శూన్యం. పత్రిక సంపాదకుడు మిఖయిల్ ఫిలిప్పొవ్ కొద్ది వారాలకే మరణించాడు, పత్రిక ఆగిపోయింది, వ్యాసం రెండవ భాగం వెలుగు చూడడానికి 1911 దాకా పట్టింది. ఈలోగా జీవితం ఆయనను దయగా చూడలేదు. 1902లో పెద్ద కొడుకు ఆత్మహత్య చేసుకున్నాడు. 1908 వసంతంలో ఓకా పొంగి ఇంట్లోకి వచ్చిన నీళ్లు కాగితాలను, నమూనాలను పాడుచేశాయి.

ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. మ్యూజియం పరిధిలోనిదే అయినా పెద్ద భవనానికి కొంత ఎడంగా, నదివైపు పల్లంలో, ఆయన పేరు పెట్టుకున్న వీధిలో ఉంటుంది. 1904లో కొనుక్కుని 1933 వరకు కుటుంబంతో కాపురమున్న చెక్క ఇల్లు అది. వరద వచ్చి పోయిన తరువాత మరమ్మతు చేయిస్తూ పైన ఒక అంతస్తు లేపి, అక్కడ పడకా రాతబల్లా ఉన్న గది, దాని పక్కన పనిచేసుకునే చోటు ఏర్పాటు చేసుకున్నాడు. అక్కడ తిరుగుడు యంత్రం, వడ్రంగి పనిముట్లు, రేకు కత్తిరించే సాధనాలు ఉంటాయి. తన చెవుల కోసం ఆయన స్వయంగా రేకుతో చుట్టుకున్న పెద్ద గరాటుల వంటి చెవిబాకాలు కూడా ఉంటాయి. ఎదుటి మనిషి మాట వినడానికి ఆ గరాటును చెవికి ఆనించుకుని కూర్చునేవాడు. ఆ పనిచేసే చోటు నుంచి ఒక చిన్న తలుపు నేరుగా ఇంటి పైకప్పు మీదికి తెరుచుకుంటుంది. రాత్రివేళ ఆ తలుపులోంచి బయటికి వెళ్లి కప్పుమీద నిలబడి నక్షత్రాలను చూసేవాడు; ఆ తలుపును ఇంటివారు అంతరిక్షంలోకి పోయే తలుపు అని పిలుచుకునేవారట. ఆ రేకు కప్పు మీద నిలబడిన మనిషికి రాత్రి నిశ్శబ్దం ఇతరులకంటే గాఢంగా ఉండేదని మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చు.

ఆయన పోయిన ఏడాదికి, 1936 సెప్టెంబరు 19న, ఇల్లు స్మారక మ్యూజియం అయింది. 1941 అక్టోబరులో జర్మన్ సేనలు కలూగాను ఆక్రమించి డిసెంబరు చివరిదాకా ఉన్నప్పుడు ఆ ఇంట్లో సైనికులు దిగి దానిని పాడుచేశారు. తరువాత దానిని మళ్లీ పూర్వరూపంలో నిలబెట్టారు. నిజానికి పెద్ద మ్యూజియంలోని ఘనమైన ప్రదర్శనలన్నింటికంటే ఈ ఇరుకు గదులే విలువైనవి. తక్కిన అంతరిక్ష మ్యూజియాల్లో దొరకనిది ఇక్కడ దొరుకుతుంది గనుక ఈ మాట అనవలసి వస్తుంది.

ఈ గదికీ, గగారిన్ రాకెట్ లేచిన బైకనూరు ప్రయోగ వేదికకూ మధ్య నిజమైన తాడు ఏది? సోవియట్ కాలపు పుస్తకాల్లో దీనికి ఒక సూటి జవాబు ఉండేది: కొరొల్యోవ్ 1929లో కలూగాకు వచ్చి గురువును కలుసుకున్నాడని, ఆ క్షణం నుంచి రాకెట్లకే అంకితమయ్యాడని చెప్పేవారు. ఆ కలయిక జరిగిందనడానికి గట్టి ఆధారాలు లేవని తరువాతి చరిత్రకారులు చాలామంది తేల్చారు. ఆధారం ఉన్న కలయిక మరొకటి ఉంది. 1934 ఫిబ్రవరిలో మాస్కోలోని రాకెట్ పరిశోధన సంస్థ అధిపతి ఇవాన్ క్లెయ్‌మ్యొనొవ్, ఇంజనీరు మిఖయిల్ తిఖొన్రావొవ్ కలూగాకు వచ్చి ముసలి ఉపాధ్యాయుణ్ణి కలిశారు. వారిలో తిఖొన్రావొవ్, యుద్ధం ముగిశాక, రాకెట్లను ఒకదానిమీద ఒకటి పేర్చే బదులు పక్కపక్కన కట్టగా కట్టి ఒకేసారి మండించే ‘కట్ట’ పద్ధతిని లెక్కలతో నిరూపించాడు. స్పుత్నిక్‌ను, గగారిన్‌ను మోసిన రాకెట్ ఆ పద్ధతిలో కట్టినదే. త్సియోల్కోవ్‌స్కీ కూడా తన చివరి ఏళ్లలో, పక్కపక్కన ఎగురుతూ ఒకదాని ఇంధనం మరొకదానికి పంచుకునే రాకెట్ల బారు గురించి రాశాడు. క్లెయ్‌మ్యొనొవ్‌ను మాత్రం 1938 జనవరిలో స్తాలిన్ ప్రభుత్వం కాల్చి చంపింది. అదే ఏడాది జూన్‌లో అరెస్టయిన కొరొల్యోవ్ కొలీమా నిర్బంధ శిబిరం నుంచి పళ్లు ఊడిపోయి, ఆరోగ్యం చెడి బయటపడ్డాడు.

ఆ తరువాత కథలో మరొక విషయం ఉంది. కొరొల్యోవ్ సోవియట్ అంతరిక్ష కార్యక్రమానికి నాయకుడైనా ఆయన బతికున్నంతకాలం ప్రభుత్వం ఆ పేరును రహస్యంగా ఉంచింది; పత్రికల్లో ఆయన ‘ప్రధాన రూపశిల్పి’ మాత్రమే, ‘ప్రావ్దా’లో వ్యాసం రాసినా ‘ప్రొఫెసర్ కె. సెర్గేయెవ్’ అనే మారుపేరుతోనే. ప్రపంచమంతా ఈ విజయాలకు కర్త ఎవరని అడుగుతున్న రోజుల్లో చూపించడానికి వీలైన ఒకే ముఖం, ఎప్పుడో చనిపోయిన గడ్డపు ఉపాధ్యాయుడిది. త్సియోల్కోవ్‌స్కీకి దక్కిన అపారమైన కీర్తిలో కొంత వాటా ఈ రహస్యానికి చెందుతుంది. అయినా కొరొల్యోవ్ ఈ మ్యూజియం కోసం పాటుపడడం లోకానికి చూపించుకోవడానికి చేసిన పని అనుకోనక్కర లేదు. తన పేరు ఎక్కడా కనిపించని ఏళ్లలో మరొకరి పేరు నిలబెట్టడానికి ఆయన పూనుకోవడంలో నిజమైన గౌరవం ఉంది.

ఇక పెద్ద భవనం. యాచెంకా నది లోయ మీదికి చూసే ఎత్తైన గట్టు మీద, త్సియోల్కోవ్‌స్కీ సమాధి ఉన్న ఉద్యానవనం పక్కనే, బోరిస్ బార్హిన్ తదితర వాస్తుశిల్పులు దీనికి రూపం ఇచ్చారు. పొడవాటి తెల్లని భవనం ఒక కొసలో ప్లానెటేరియం గుమ్మటం పైకి లేచి ఉంటుంది. ప్లానెటేరియం అంటే గుండ్రని పైకప్పు మీద వెలుగుతో నక్షత్రాలను చూపి ఆకాశపు కదలికలు వివరించే శాల.

ఇక్కడి వోస్తోక్ రాకెట్, 1961 ఏప్రిల్ 12న గగారిన్‌ను తీసుకువెళ్లినదానికి తోడుగా సిద్ధం చేసిన నిజమైన రాకెట్. ఎత్తు సుమారు 38 మీటర్లు. నడుమ ఒక స్తంభం, దాని చుట్టూ క్యారెట్ దుంపల్లా కిందికి వెడల్పయ్యే నాలుగు రాకెట్లు, పైన మరొక అంచె. అడుగున చూస్తే గంటలను బోర్లించినట్టు ఇరవై పెద్ద ముక్కులు వరుసగా కనిపిస్తాయి. అయిదు ఇంజన్లు, ఒక్కొక్క ఇంజనుకు నాలుగు దహన గదులు. ఒక్క పెద్ద గదిలో కిరోసిన్, ద్రవ ఆక్సిజన్ మండిస్తే మంట నిలకడగా ఉండక ఇంజను పేలిపోయే ప్రమాదం ఉండడంతో నాలుగు చిన్న గదులుగా విడగొట్టారు. బయలుదేరేటప్పుడు ఈ రాకెట్ బరువు 280 టన్నులకు పైమాటే, అది కక్ష్యలో విడిచే వ్యోమనౌక బరువు 5 టన్నులు కూడా నిండదు. సద్దిమూట లెక్క ఎంత నిర్దయమైనదో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే కళ్లకు కడుతుంది.

లోపల స్పుత్నిక్ ప్రతిరూపం ఉంది. 58 సెంటీమీటర్ల వ్యాసం, 83.6 కిలోల బరువు, మీసాల్లాంటి నాలుగు ఏరియళ్లు. నున్నగా మెరిసే ఆ లోహపు బంతి చేసిందల్లా రేడియోలో కూత వినిపిస్తూ తిరగడమే. చంద్రుడి మీదికి, శుక్రగ్రహం మీదికి పంపిన సాధనాల నమూనాలు, చంద్రుడి నేలపై తిరిగిన లూనొహోద్ బండి నమూనా, ఇంజన్లు, వ్యోమగాముల దుస్తులు, వారు తిన్న ఆహారపు గొట్టాలు ఇలా చాలా ఉన్నాయి. ఏ సందర్శకుడైనా వాటిని గంటలో చూసి ముందుకు సాగవచ్చు. ఆగవలసిన చోటు వోస్తోక్-5 దిగుడు గోళం.

ఈ గోళం నమూనా కాదు, నిజంగా అంతరిక్షానికి పోయి వచ్చినది. వలేరీ బికోవ్‌స్కీ 1963 జూన్ 14న దీనిలో బయలుదేరి, ఒంటరిగా దాదాపు అయిదు రోజులు భూమి చుట్టూ తిరిగి జూన్ 19న దిగాడు. ఒక వ్యోమనౌకలో ఒంటరిగా ఒక మనిషి చేసిన ప్రయాణాల్లో నేటికీ అదే అతి దీర్ఘమైనది. గోళం వ్యాసం 2.3 మీటర్లు. పైపొర మాడి, గోధుమ నలుపుల పెచ్చులు లేచి ఉంటుంది. కక్ష్య నుంచి దిగే వాహనం సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దూసుకువచ్చినప్పుడు, దాని ముందున్న గాలి నలిగి వేల డిగ్రీల వేడి పుడుతుంది. ఆ వేడిని లోపలికి పోనివ్వకుండా, గోళానికి పూసిన కవచం తాను మెల్లగా కాలి పెచ్చులుగా ఊడిపోతూ వేడిని తనతో తీసుకుపోతుంది. గోళాకారాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది: బరువును ఒకవైపు పెడితే, ఎటు తిరిగి గాలిలోకి వచ్చినా బరువైన వైపే ముందుకు సర్దుకుంటుంది, దానిని తిప్పడానికి యంత్రాలు అక్కర లేదు. ఇందుకు ప్రయాణికుడు చెల్లించే మూల్యం ఏమంటే, దిగేటప్పుడు తన బరువు ఎనిమిది తొమ్మిది రెట్లయినట్టు నొక్కుకుపోవడం.

గోళానికి గుండ్రని పెద్ద ద్వారం ఉంది. సుమారు 7 కిలోమీటర్ల ఎత్తులో ఆ ద్వారం మూత ఎగిరిపోయి, వ్యోమగామి కుర్చీతో సహా బయటికి విసిరివేయబడి, వేరే పారాచూట్‌తో నేలకు దిగేవాడు. గోళం నేలను తాకే దెబ్బను లోపలి మనిషి తట్టుకోలేడు. విమానయాన రికార్డుల నిబంధన ప్రకారం ప్రయాణికుడు వాహనంలోనే దిగాలి గనుక, గగారిన్ విడిగా దిగాడన్న విషయాన్ని సోవియట్ ప్రభుత్వం చాలా ఏళ్లు బయటపెట్టలేదు. ద్వారం ముందు నిలబడి చూసినవారికి ఆ దాపరికం ఎంత అనవసరమో తెలుస్తుంది. ఆ రంధ్రంలోంచి నింగిలోకి దూకడం, గోళంలో కూర్చుని దిగడంకంటే చిన్న సాహసమేమీ కాదు.

రాకెట్‌తో అంతరిక్షయానం సాధ్యమని లెక్కగట్టినవాడు త్సియోల్కోవ్‌స్కీ ఒక్కడే కాదు. అమెరికాలో రాబర్ట్ గాడర్డ్ 1926 మార్చి 16న ద్రవ ఇంధనంతో తొలి రాకెట్‌ను ఎగరేశాడు. జర్మన్ భాషలో రాసిన హెర్మన్ ఓబెర్త్ 1923లో ఈ విషయం మీద పుస్తకం ప్రచురించి యూరప్‌ను కదిలించాడు. ఆ పుస్తకం వార్త కలూగాకు చేరగానే, త్సియోల్కోవ్‌స్కీ యువ మిత్రుడు, సూర్యుడి ప్రభావం జీవుల మీద ఎలా ఉంటుందో పరిశోధించిన అలెగ్జాందర్ చిజెవ్‌స్కీ, 1903 వ్యాసాన్ని 1924లో తిరిగి ముద్రించడానికి సాయపడి, ఎవరు ముందో ప్రపంచానికి తెలియాలని దానికి జర్మన్ భాషలో ముందుమాట రాశాడు. ఓబెర్త్ దీనికి కోపగించుకోలేదు. త్సియోల్కోవ్‌స్కీతో ఉత్తరాలు నడిపాడు, వృద్ధాప్యంలో 1982లో స్వయంగా కలూగాకు వచ్చి ఈ మ్యూజియం చూశాడు. చిజెవ్‌స్కీ కూడా తరువాత శిబిరాలపాలయ్యాడు. కలూగాలోని ఆయన ఇల్లు ఇప్పుడు ఈ మ్యూజియంలో ఒక శాఖ.

త్సియోల్కోవ్‌స్కీని మహర్షిగా మాత్రమే చూపడం ఆయనకే అన్యాయం. 1919లో రహస్య పోలీసులు ఆయనను అనుమానం మీద పట్టుకుపోయి మాస్కోలో సుమారు రెండు వారాలు నిర్బంధించారు. మరోవైపు, ప్రతిభావంతులను ఎంపికచేసి వారి సంతానంతో మేలుజాతి మనుషులను తయారుచేయాలని రాసిన పుస్తకాలు కూడా ఆయనవే. ఆ ఆలోచనలు నేటి వివేకానికి సమ్మతం కావు. మనిషిలో ఉన్నవన్నీ చెప్పినప్పుడే, చెవులు వినపడని ఒక పేద పంతులు ఆ సమీకరణం దాకా ఎలా నడిచాడన్నది నమ్మదగిన కథ అవుతుంది.

2021 ఏప్రిల్ 12న, గగారిన్ యాత్రకు అరవై ఏళ్లు నిండిన రోజున, గట్టు వాలును ఆనుకుని కట్టిన రెండవ భవనం తెరిచారు. అంతరిక్ష కేంద్రాల కాలానికి చెందిన పెద్ద వస్తువులకు అక్కడ చోటు దొరికింది. 1966 నుంచి ఏటా కలూగాలో జరిగే త్సియోల్కోవ్‌స్కీ విజ్ఞాన సదస్సులకు దేశం నలుమూలల నుంచి ఇంజనీర్లు, చరిత్రకారులు వచ్చి పత్రాలు చదువుతారు కాబట్టి, ఈ పట్టణం జ్ఞాపకాల చోటు మాత్రమే కాకుండా పని జరుగుతున్న చోటు కూడా అయింది.

తెలుగు పాఠకులకు ఈ కథ పూర్తిగా పరాయిది కాదు. విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల్లో కారుచౌకగా దొరికిన సోవియట్ పుస్తకాలు చదివి సైన్సు మీద ఇష్టం పెంచుకున్న తరం ఒకటి తెలుగునాట ఉంది. ఆ తరానికి సుపరిచితుడైన రచయిత యాకొవ్ పెరెల్మాన్ త్సియోల్కోవ్‌స్కీతో ఏళ్లతరబడి ఉత్తరప్రత్యుత్తరాలు నడిపి, ఆయన ఆలోచనలను సామాన్య పాఠకులకు చేర్చినవాడే. భారతదేశపు తొలి ఉపగ్రహం ఆర్యభట 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ మీదనే కక్ష్యకు చేరింది. 1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ సోయుజ్ నౌకలో వెళ్లాడు. శ్రీహరికోటలో రాకెట్ లేచేటప్పుడు సూళ్లూరుపేట దాకా వచ్చి చూసే జనానికి, అంచెలు ఒకటొకటిగా రాలిపోతూ మంట సన్నబడడం తెలిసిన దృశ్యమే. ఆ రాలిపోవడం వెనుక ఉన్న లెక్క కలూగాలో, ఆ చెక్క ఇంటి కాలంలోనే కాగితం మీదికి ఎక్కింది.

రష్యాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు, మాస్కో చూడబోయే ప్రయాణికులు ఒక రోజు మిగుల్చుకుని రైలెక్కి కలూగాకు వెళ్లాలి. వెళ్లినవారు రాకెట్టు దగ్గరికి ముందు పోకూడదు; ముందు నదివైపు దిగి ఆ చెక్క ఇంటికి వెళ్లి, ఇరుకు మెట్లెక్కి, రేకు గరాటులనూ పైకప్పు మీదికి తెరుచుకునే తలుపునూ చూసి, ఆ తరువాతే గట్టెక్కి మాడిన గోళం ముందు నిలబడాలి.